కంప్యూటరు పేరు – పదహారు గళ్ల కథ

టౌన్‌షిప్‌లో క్వార్టరు మారినవారికి ఈ అనుభవం ఉండే ఉంటుంది. కొత్త గుమ్మానికి పేరు పలక తగిలించి నెల గడిచినా ఉత్తరాలు పాత ఇంటికే చేరుతుంటాయి. పలక మారినది గాని ఎస్టేట్ విభాగపు రిజిస్టరు మారలేదు. కంప్యూటరు పేరు సంగతీ ఇంచుమించు ఇటువంటిదే.

నెట్‌వర్క్‌లోని ప్రతి కంప్యూటరుకు 'హోస్ట్‌నేమ్' అనే పేరు ఉంటుంది. దానిని ప్రోగ్రాము ద్వారా తెలుసుకొనడానికి 'గెట్‌హోస్ట్‌నేమ్', మార్చడానికి 'సెట్‌హోస్ట్‌నేమ్' అనే ఆదేశాలు 1983లో వెలువడిన 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌తో వచ్చాయి. నేటి లినక్స్‌లోనూ అవే ఉన్నాయి. మొదటిదానిని ఎవరైనా వాడవచ్చును; రెండవదానికి సర్వాధికారి అనుమతి కావాలి. అందువల్ల మార్చడమే ప్రమాదకరమనీ, చదవడంలో ఏముందనీ మేమూ చాలాకాలం అనుకున్నాము.

2017లో మేము పనిచేసిన కర్మాగారంలో శీతలీకరణ నీటి పంపుల పక్కన చిన్న కంప్యూటర్లు అమర్చాము. బేరింగు ఉష్ణోగ్రతను నిమిషానికొకసారి గ్రహించి, తమ పేరు జతచేసి కంట్రోల్ రూముకు పంపడం వాటి పని. 'కూలింగ్-వాటర్-పంప్-1', 'కూలింగ్-వాటర్-పంప్-2' అని ఎంతో శ్రద్ధగా పేర్లు పెట్టాము. ఆరు వారాల తరువాత ఒకే పంపు ఉష్ణోగ్రత నిమిషానికొక తీరుగా ఎగిరిపడుతున్నట్లు నివేదిక చూపసాగింది. సెన్సారు చెడిపోయిందని నిర్ధారించి మొదటి పంపును ఆపి విప్పించాము. అందులో లోపమేమీ లేదు. రెండవ పంపు బేరింగు చేతికి కాలుతున్నదని రాత్రి షిఫ్టు ఆపరేటరు అప్పటికే రెండుసార్లు లాగ్‌బుక్‌లో వ్రాశారు. మేము కాగితం కంటె తెరనే నమ్మాము.

దోషం మా ప్రోగ్రాములోనే ఉన్నది. అది మొదట విండోస్ కోసం వ్రాసినది. అక్కడ కంప్యూటరుకు నెట్‌బయాస్ పేరు 15 అక్షరాలు మించదు. ముగింపు గుర్తుతో కలిపి 16 గళ్లు చాలును. లినక్స్‌కు మార్చినపుడు ఆ పదహారును అలాగే ఉంచేశాము. లినక్స్‌లో పేరు 64 అక్షరాల వరకు ఉండవచ్చును. మా పేర్లు ఇంగ్లీషు అక్షరాలలో, గీతలతో కలిపి, ఇరవై. స్థలం చాలనపుడు లినక్స్‌లో వాడే సీ లైబ్రరీ పట్టినంత మేరకు నింపి, ఫలితంగా మైనస్ ఒకటిని తిరిగి ఇస్తుంది. మేము ఆ ఫలితాన్ని చూడనే లేదు. పైగా పదహారవ గడిలో ముగింపు గుర్తును మేమే వ్రాసి నిశ్చింతగా ఉన్నాము. మిగిలినది 'కూలింగ్-వాటర్-' ఆపై పంప్‌లోని తొలి అక్షరం. రెండు పంపులను వేరుచేసే అంకె చివర ఉండటంతో తెగిపోయిన భాగంలోకే వెళ్లింది.

గళ్ల సంఖ్య పెంచి, ఫలితాన్ని పరీక్షించే రెండు వాక్యాలు చేర్చడానికి పావుగంట పట్టింది. ఆరు వారాల నమోదులలో ఏది ఏ పంపుదో మాత్రం ఎవరమూ విడదీయలేకపోయాము. రెండవ బేరింగును మార్చవలసి వచ్చింది.

ఆపై పేర్లనే పొట్టివి చేయాలని తలచాము. సెట్‌హోస్ట్‌నేమ్ మార్చేది కెర్నెల్ జ్ఞాపకంలోని పేరును మాత్రమే. యంత్రాన్ని ఆపి మళ్లీ నడిపిస్తే పాత పేరు తిరిగి వస్తుంది. శాశ్వతంగా నిలవాలంటే 'ఈటీసీ' డైరెక్టరీలోని 'హోస్ట్‌నేమ్' ఫైలునూ మార్చాలి. 'హోస్ట్‌నేమ్‌సీటీఎల్' అనే ఆదేశం ఈ రెండింటినీ ఒకేసారి చేస్తుంది. అయినా పక్కనున్న 'హోస్ట్స్' ఫైలు, డీఎన్ఎస్ పట్టిక మనమే చూసుకోవాలి. ఎస్టేట్ రిజిస్టరు అవే. అప్పటికే నడుస్తూ, ఆరంభంలో పేరు చదివి దాచుకున్న ప్రోగ్రాములను కూడా మళ్లీ ప్రారంభించాలి. మా నివేదిక ప్రోగ్రాము అటువంటిదే కావడంతో, పేరు మార్చిన రోజంతా పాత పేరుతోనే పంపింది.

కొత్త పేర్లు మొదటి అక్షరంలోనే తేడా ఉండేవిగా ఎంచుకున్నాము: గంగ, యమున. ఆపరేటరుగారు మాత్రం లాగ్‌బుక్‌లో 'రెండవ పంపు' అనే వ్రాసేవారు. ఏది గంగో, ఏది యమునో కొత్తగా చేరినవారికి తెలియక, చివరకు పంపుల మీద ఆ పేర్లు పసుపు రంగుతో వ్రాయించాము.