దేహము పొరబడిన చోటు

మదనపల్లె చెంత ఆరోగ్యవరములో 1915లో క్షయ చికిత్సాలయము వెలసినది. కనుక క్షయ మన ప్రాంతమువారికి వినని పేరు కాదు. అది ఊపిరితిత్తులనే గాక, మూత్రపిండములపై నుండు అధివృక్క గ్రంథులను కూడ నాశనము చేయగలదు. అప్పుడు రోగి చర్మము నల్లబడును, రక్తపోటు తగ్గును, ఉప్పుకై నాలుక పీకును. 1855లో లండను వైద్యుడు థామస్ అడిసన్ వర్ణించిన వ్యాధి ఇదియే. అయితే క్షయ ప్రమేయము లేకుండ దేహమే తన గ్రంథులపై దండెత్తుటయు కలదు. అందులో వంశపారంపర్యముగా వచ్చు అరుదైన యొక రూపమును మేమిచట వివరింపబూనినాము.

దానిని మొదటి రకపు ఆటోఇమ్యూన్ బహుగ్రంథి వ్యాధి అందురు. బాల్యములో నోట తెల్లని శిలీంధ్రపు పూత మాటిమాటికి వచ్చును. పిదప పారాథైరాయిడ్ గ్రంథులు చెడి, కాల్షియము తగ్గి, కాళ్లు చేతులు కొంకర్లు పోవును. ఆ తరువాత అధివృక్క గ్రంథుల వంతు. దీనికి మూలము 21వ క్రోమోసోముపై నున్న ఎయిర్ అను జన్యువని 1997లో తేలినది. రొమ్ములోని థైమస్ గ్రంథి రక్షక కణములకు పాఠశాల వంటిది. అచట ఈ జన్యువు నానా అవయవముల ప్రొటీనులను కొద్దికొద్దిగా తయారుచేయించి చూపును; స్వజనముపై కత్తి దూయు కణములు అచటనే తొలగింపబడును. జన్యువు చెడినచో అవి తప్పించుకొని పోవును.

మరి గ్రంథిలోని ఏ పదార్థము వాని గురి? దీనిని కనుగొన్న విధానమే మాకు మిక్కిలి ముచ్చట గొలిపినది. రోగి రక్తములోని ప్రతిరక్షకములనే గాలముగా వాడిరి. గ్రంథిలో నుండు ప్రొటీనులను బాక్టీరియాలచే విడివిడిగా చేయించి, వానిపై రోగి సీరమును పోసి, అది దేనిని అంటుకొనునో చూచిరి. ఇట్లు 1992లో ఫిన్లాండు శాస్త్రజ్ఞులు 17-ఆల్ఫా హైడ్రాక్సిలేసును పట్టుకొనిరి. క్షయ వలన గాని అడిసన్ వ్యాధిలో 21-హైడ్రాక్సిలేసు ముఖ్య లక్ష్యమని అదే యేట స్వీడనువారు చూపిరి. రెండును హార్మోనుల తయారీకి వలయు ఎంజైములే. పారాథైరాయిడ్‌లోని నాల్ప్-5 అను లక్ష్యము 2008లో గాని బయటపడలేదు. వైరసులతో పోరాడు ఇంటర్ఫెరానులపైననే ప్రతిరక్షకములు దాదాపు ఈ రోగులందరిలో నుండునని 2006లో తెలిసినది.

పుంగనూరులోనో కుప్పములోనో ఒక బాలుడు నల్లబడి నీరసించినచో తొలి అనుమానము క్షయపైననే పోవుట సహజము. కాని క్షయకిచ్చు రిఫాంపిసిన్ దేహములోని కార్టిసాలును త్వరగా హరింపజేయును. గ్రంథి ముందే చెడియున్న బిడ్డకు హైడ్రోకార్టిసోను అందనిచో అది ప్రాణాపాయము. రక్తములో 21-హైడ్రాక్సిలేసు ప్రతిరక్షకములు కనబడినచో, గ్రంథిని చెరచినది దేహమేయని వైద్యుడు గుర్తింపగలడు.

సాధారణముగా తల్లిదండ్రులిరువురి నుండియు చెడిన జన్యువు సంక్రమించినగాని ఈ వ్యాధి కలుగదు. మేనరికములు గల ఇండ్లలోను, పెదనాన్న చిన్నాన్న బిడ్డల నడుమ సంబంధములు కలుపుకొను కుటుంబములలోను అట్టి కలయికకు అవకాశము హెచ్చు. ఇది నింద కాదు, లెక్క మాత్రమే. ఒక బిడ్డకు వ్యాధి తేలినచో తోబుట్టువులలో ప్రతి ఒక్కరికిని నాలుగింట ఒక వంతు అవకాశము గలదు. కొంకర్లు వచ్చువరకు వేచియుండక, వారి రక్తములో కాల్షియమును, ప్రతిరక్షకములను పరీక్ష చేయించవలెను.