కోనసముద్రం చిట్టెం, కోటిలింగాల సీసం: పాడుబడ్డ గనుల్లో మన రికార్డులు

జగిత్యాల నుంచి కోరుట్ల, మెట్‌పల్లి దాటి 63వ నంబరు జాతీయ రహదారి మీద ఆర్మూరు వైపు వెళ్తుంటే కమ్మర్‌పల్లి వస్తుంది. ఆ మండలంలోనే ఉంది కోనసముద్రం. సిరిసిల్ల వాళ్లయితే వేములవాడ, కోరుట్ల మీదుగా వెళ్లొచ్చు. పక్క జిల్లాల్లో ఉంటూ కూడా ఈ ఊరి ఘనత తెలియనివాళ్లు మనలో చాలామంది. కానీ రెండు వందల ఏళ్ల కిందట ఇరాన్‌లోని ఇస్ఫహాన్ వర్తకులకు ఇది బాగా తెలిసిన ఊరు. బ్రిటిష్ సర్వే బృందంలో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన హెన్రీ వాయిసీ ఇక్కడి కొలుముల తీరు చూసి రాసుకున్నాడు. ఆయన 1824లో చనిపోయాడు. ఆ రాతలు 1832లో అచ్చయ్యాయి. రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుమును కలిపి మట్టి మూసల్లో మూసి, గంటల తరబడి కొలిమిలో కాచి, మెల్లగా చల్లార్చేవారట. ఇలాంటి ఉక్కును తమ దేశంలో చేయాలని చూసి చేతకాక పర్షియన్లు ఇంత దూరం వచ్చేవారు.

ఆ ఊరి పరిసరాల్లో చిట్టెం రాళ్లు, మూసల పెంకులు కనిపిస్తాయి. ఒక పెంకును దగ్గరగా చూస్తే చాలా తెలుస్తుంది. బయటి వైపు మంట సెగకు కరిగి గాజులా మెరుస్తుంది. విరిగిన అంచు నల్లగా ఉంటుంది. అందులో సన్నటి ఖాళీలు, మట్టిలో కలిపిన వరి ఊక కాలిపోగా మిగిలిన జాడలు. లోపలి గోడకు అంటుకుని గాజులాంటి చిట్టెం గీత ఉంటే, కరిగిన లోహం మట్టం అక్కడిదాకా ఉండేదన్నమాట. మన వడ్ల ఊకతో చేసిన మూసలోంచి వచ్చిన ముద్ద పడమటి దేశాల్లో డమాస్కస్ కత్తి అయింది. అలాంటి 17వ శతాబ్దపు కత్తి ఒకదాన్ని జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి, అందులో కర్బన నానో గొట్టాలు ఉన్నాయని 2006లో ప్రకటించారు. ప్రయోగశాలలు నానో యుగంలోకి అడుగుపెట్టడానికి ఎన్నో తరాల ముందే, ఏమీ చదువుకోని మన కమ్మరుల పనితనం అక్కడికి చేరింది! నాకు ఇంతకు మించిన విశేషం కనబడదు.

మరి ఈ ఉక్కుకు ముడి ఖనిజం తవ్విన గనులు ఎక్కడ? ఉత్తర తెలంగాణలో లోతైన సొరంగాల కోసం వెతికితే నిరాశే. వాగుల్లో, వంకల్లో వాన కొట్టుకొచ్చిన బరువైన నల్ల ఇసుకను కడిగి, మ్యాగ్నటైట్‌ను వేరు చేసుకునేవారు. ప్రపంచం మెచ్చిన ఉక్కుకు పునాది వాగు ఇసుక. పరిశోధకుడు ఎస్. జైకిషన్ ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి ఇలా ఇనుము, ఉక్కు చేసిన చోట్లను గుర్తించారు. 2010లో బెంగళూరు నియాస్ పరిశోధన సంస్థ, ఇంగ్లండ్ ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఈ జిల్లాల్లో సర్వే చేశాయి.

ఇక సీసం సంగతి. జగిత్యాల జిల్లా వెల్గటూరు మండలం కోటిలింగాలలో గోదావరి ఒడ్డున శాతవాహనుల తొలి రాజుల నాణేలు బయటపడ్డాయి. భారీగా సీసం నాణేలు వేయించిన వంశం అది. భారతదేశంలో రాగి, సీసం లేవని, వాటికి బదులు రత్నాలు, ముత్యాలు ఇస్తారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. అయితే పల్నాడులోని అగ్నిగుండాల దగ్గర బండ్లమోట్టు కొండ మీద, కడప జిల్లా జంగంరాజుపల్లెలో పూర్వులు సీసం తవ్విన గోతులున్నాయి. కొత్త కాలపు భూగర్భ శాస్త్రజ్ఞులకు దారి చూపినవి ఈ పాత గోతులే. బండ్లమోట్టులో హిందుస్థాన్ జింక్ కొన్నేళ్లు సీసం తవ్వి, తర్వాత గని మూసేసింది. ఆ నాణేల్లో దిగుమతి చేసుకున్న సీసమూ ఉండొచ్చు, కానీ ప్లినీ మాటను మన కొండలు ఒప్పుకోవు.

లోతులో రికార్డు కావాలంటే ఒకప్పటి హైదరాబాద్ రాజ్యంలోని రాయచూరు జిల్లా హట్టికి వెళ్లాలి. రాయిని మంటతో కాల్చి, నీళ్లు చల్లి పగలగొట్టుకుంటూ సుమారు రెండు వేల ఏళ్ల కిందటే 640 అడుగుల దాకా బంగారం కోసం దిగారు. ప్రాచీన గనుల్లో అత్యంత లోతైనవాటిలో ఇదొకటి. ఎందరో తెలుగువాళ్లు చెమటోడ్చిన కోలారు ఛాంపియన్ రీఫ్ గని సుమారు 3.2 కిలోమీటర్లు దిగి, ఒకనాడు ప్రపంచంలోనే లోతైన గనుల్లో నిలిచి, 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. ఇప్పుడు ఆ పేరు దక్షిణాఫ్రికాలోని ఎంపొనెంగ్‌ది.

జనం లెక్కలో అయితే కృష్ణా తీరపు కొల్లూరు వజ్రాల గనిని చెప్పుకోవాలి. 60,000 మంది పనిచేసేవారని 17వ శతాబ్దపు ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ రాశాడు. ఆ చోటు పులిచింతల జలాశయం కిందికి పోయింది. ఇక మిగిలిన వ్యర్థాల లెక్కలో చూస్తే, రాజస్థాన్‌లోని జావర్‌లో జింకు తీసి పారేసిన మట్టి గొట్టాలతో ఇళ్ల గోడలే కట్టుకున్నారు!

పాడుబడ్డ గనులను ఎలా చూసుకోవాలో బయటి నుంచి ఒక ఉదాహరణ. ఇంగ్లండ్‌లో ఉత్తరపు బోడి కొండల మీద వదిలేసిన సీసం గనులు వందల కొద్దీ ఉన్నాయి. చాలావరకు ఆ నేల ప్రైవేటు ఆస్తి. యజమాని అనుమతి తీసుకుని, హెల్మెట్, దీపం, తోడు మనిషి ఉంటేనే పద్ధతిగా తిరిగేవాళ్లు లోపలికి దిగుతారు. నెంట్‌హెడ్ ఊళ్లో స్వచ్ఛంద సంఘం పాత గనిని కాపాడి సందర్శకులకు చూపిస్తోంది. కోనసముద్రంలోనూ ఊరివాళ్ల చేతుల మీదుగా చిన్న ప్రదర్శనశాల నడవడం అసాధ్యమేమీ కాదు. కావలసిన వస్తువులు ఊళ్లోనే ఉన్నాయి.

సాహసం పేరుతో పాత గోతుల్లోకి దిగే కుర్రాళ్లకు ఒక మాట. మూసుకుపోయిన గనిలో ప్రాణవాయువు తగ్గిపోయి ఉండొచ్చు, ముక్కుకు ఏ వాసనా తగలదు. మన వైపు వదిలేసిన గ్రానైట్ క్వారీ గుంతలు ఇంకా ప్రమాదం. వాన నీటి కింద నిటారు గోడ ఉంటుంది, కాలు పెట్టడానికి మెట్టుండదు. ఈతకని వెళ్లిన పిల్లలు తిరిగి రాని ఇళ్లున్నాయి. వాటి జోలికి పోవద్దు.

మీ పొలంలో దున్నేటప్పుడు బరువైన నల్లటి చిట్టెమో, గాజు పూత పట్టిన పెంకులో తేలితే మాత్రం రోడ్డు గుంతలు పూడ్చడానికి వాడకండి. ఉన్నచోటే ఉంచి ఫొటో తీసి, పంచాయతీకి, రాష్ట్ర వారసత్వ శాఖకు తెలియజేయండి. పక్కవాళ్ల పొలంలో కనిపిస్తే ముందు ఆ రైతును అడగండి.