రాజాచారి ఎక్కిన నౌక మళ్లీ మళ్లీ ఎగిరింది

2021 నవంబరు 11న, మనకు ఉదయం ఏడున్నర వేళ, ఫ్లోరిడా నుంచి నలుగురు వ్యోమగాములు అంతరిక్ష కేంద్రానికి బయలుదేరారు. కమాండర్ రాజాచారి. తండ్రి హైదరాబాద్ నుంచి చదువుకోసం అమెరికా వెళ్లి అక్కడే స్థిరపడిన ఇంజినీరు. మొదటి అంతరిక్షయానంలోనే కమాండర్ కావడం నాసాలో 1973 తర్వాత అదే మొదటిసారి. మనవాడని మనం ఎంతో సంబరపడ్డాం. ఆయన ఎక్కిన నౌక గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

దాని పేరు ఎండ్యూరెన్స్. స్పేస్‌ఎక్స్ సంస్థ కట్టిన డ్రాగన్ నౌక. 2011లో స్పేస్ షటిళ్లు ఆగిపోయాక అమెరికా తన మనుషులను రష్యా సోయుజ్‌లో పంపాల్సి వచ్చింది. అప్పుడు నాసా సొంత బస్సు మానేసి టిక్కెట్టు కొనుక్కునే పద్ధతి ఎంచుకుంది. 2014లో బోయింగ్‌తోనూ స్పేస్‌ఎక్స్‌తోనూ ఒప్పందాలు చేసుకుంది. నౌక కంపెనీది, సీట్లు నాసావి. ఒకే నౌకను పదేపదే నడపగలిగితేనే కంపెనీకి ఈ లెక్క గిట్టుబాటవుతుంది.

రాజాచారి బృందం 2022 మే 6న ఫ్లోరిడా తీరానికి దగ్గర్లో సముద్రంలో దిగింది. తిరుగు ప్రయాణం మొదట్లో నౌక వేగం గంటకు దాదాపు 28 వేల కిలోమీటర్లు. ఆ వేగాన్నంతా గాలే తినేయాలి. నౌక అడుగున కార్బన్ పీచుకు ఫినాలిక్ రెజిన్ పట్టించి చేసిన కవచం ఉంటుంది. వేడికి దాని పైపొర మాడుతూ వాయువులు వదులుతుంది, వాటితోపాటే వేడీ బయటికి పోతుంది. అంటే కవచం కొంత అరిగిపోతేనే లోపలివాళ్లు క్షేమం. ఆ తర్వాత ముందు రెండు చిన్న పారాచూట్లు, వెనకాలే నాలుగు పెద్దవి విచ్చుకుంటాయి.

నా ఉద్దేశంలో అసలు పరీక్ష ఇక్కడి నుంచే. ఉప్పునీటిలో మునిగి తేలిన నౌకను కడిగి, ఆరబెట్టి, వాల్వులన్నీ తనిఖీ చేయాలి. పారాచూట్లు ప్రతిసారీ కొత్తవే. వేడి కవచాన్నీ మారుస్తారు. సౌర ఫలకాలుండే వెనుక భాగమైతే తిరిగి రానే రాదు, దాన్ని దారిలోనే వదిలేస్తారు. కాబట్టి ‘పూర్తిగా పునర్వినియోగం’ అని ఎవరైనా రాస్తే నమ్మకండి. దక్కేది మనుషులు కూర్చునే గది, దాని ఇంజన్లు, కంప్యూటర్లు. ఖరీదంతా వాటిలోనే ఉంది కనుక అది చాలా పెద్ద ఆదా.

షటిల్ తప్పిన చోటు కూడా ఇదే. అది తిరిగొచ్చేది, రన్‌వే మీద అందంగా వాలేది. ఒంటినిండా ఉన్న ఇరవై వేలకు పైగా పలకలను ఒక్కొక్కటిగా చూసుకోవడానికి నెలలు పట్టేది. 1985లో షటిళ్లన్నీ కలిసి 9 సార్లు ఎగిరాయి, ఏడాదికి అంతకుమించి ఎప్పుడూ ఎగరలేదు. ఎండ్యూరెన్స్ విషయానికొస్తే, అది 2022 అక్టోబరులో, 2023 ఆగస్టులో, 2025 మార్చిలో మళ్లీ మనుషులను మోసుకెళ్లింది. రాజాచారిని పైకి నెట్టిన ఫాల్కన్ రాకెట్ కింది దశ అంతకు కొన్ని నెలల ముందే అంతరిక్ష కేంద్రానికి సరుకు పంపింది. ఆ తర్వాతా ఆగలేదు, 2025 నాటికి 30 ప్రయోగాలు దాటింది. మనుషులకో రాకెట్, సరుకులకో రాకెట్ అని విడిగా కట్టుకోనక్కర్లేదని అది ఒక్కటే నిరూపించింది.

మన దగ్గర ఈ పని చిన్నగా, ఓపికగా సాగుతోంది. 2007 జనవరిలో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇస్రో క్యాప్సూల్ పన్నెండు రోజుల తర్వాత బంగాళాఖాతంలో భద్రంగా దిగింది. కక్ష్య నుంచి మనం వెనక్కి రప్పించిన మొదటి వస్తువు అదే. ఆ తర్వాత ఇస్రో రెక్కల నౌక పుష్పక్ వచ్చింది. కర్ణాటకలోని చిత్రదుర్గ దగ్గర చినూక్ హెలికాప్టర్ నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తు నుంచి వదిలేస్తే, అది తనంతట తానే దారి సరిచేసుకుంటూ రన్‌వే మీదికి వచ్చింది. నేలను తాకేటప్పుడు వేగం గంటకు 320 కిలోమీటర్లకు పైనే, మామూలు విమానాల కంటే ఎక్కువ. బ్రేక్ పారాచూట్ దాన్ని వందకు తగ్గించింది.

ఈ ప్రయోగాల్లో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది పత్రికల్లో ఒక వాక్యంగా వచ్చి పోయింది. 2024 మార్చిలో దిగిన పుష్పక్ దేహాన్నీ, అందులోని వ్యవస్థలనూ ఏ మార్పూ చేయకుండా అదే ఏడాది జూన్ 23న మళ్లీ దింపారు. ఎత్తు తక్కువే, కక్ష్య వేడి ఇంకా చూడలేదు. కక్ష్య నుంచి తిరిగొచ్చే పెద్ద నౌక తయారీ ఇక ఇస్రో ముందున్న పని.