తలకొరివి పెట్టడం అంటే ఏంటి? ‘దహనం చేశారు’, ‘తగలబెట్టారు’.. తేడా తెలుసా?

‘తండ్రికి తలకొరివి పెట్టిన కూతురు’.. ఇలాంటి హెడ్‌లైన్ మీ ఫోన్‌లో చాలాసార్లు చూసే ఉంటారు. ఇంతకీ కొరివి అంటే ఏంటి? ఒక కొస మండుతున్న కట్టె. చితి మీద తల ఉన్న వైపు దాంతో నిప్పంటిస్తారు కాబట్టి తలకొరివి. గుంటూరు, ప్రకాశం వైపు వాళ్లకి ఈ మాట అన్నం కంచంలోనూ తగులుతుంది. పండుమిర్చి పచ్చడిని అక్కడ కొరివికారం అంటారు. నాలుక మీద కొరివి పెట్టినంత మంట మరి!

‘మృతదేహాన్ని దహనం చేశారు’ అంటే ఆ పని మొత్తం. నిప్పు ఎవరు పెట్టారో అందులో తెలియదు. తలకొరివి పెట్టేది మాత్రం ఒక్కరే. అందుకే ‘తండ్రిని’ అనం, ‘తండ్రికి’ తలకొరివి పెట్టింది అంటాం. అన్నం పెట్టడం, దండం పెట్టడం లాగే.. ఆ మనిషికి చేసే పని అది. కరెంటు దహనవాటికలో కట్టే ఉండదు, అయినా మాట మారలేదు.

‘తగలబెట్టడం’ వేరు. చేలో పత్తి కట్టె తగలబెడతారు, ధర్నాలో దిష్టిబొమ్మ తగలబెడతారు. ‘శవాన్ని తగలబెట్టారు’ అని స్క్రోలింగ్ వస్తే అది క్రైమ్ వార్తే. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ల గురించి ఆ మాట పడితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. టీవీల వాళ్లం తరచూ చేసే ఇంకో పొరపాటు.. ఎవరు చనిపోయినా ‘దహన సంస్కారాలు’ అనేయడం. ముస్లింలు, క్రైస్తవులే కాదు, హిందువుల్లోనూ ఖననం చేసే కుటుంబాలు చాలా ఉన్నాయి. తెలియనప్పుడు ‘అంత్యక్రియలు’ అంటే సరిపోతుంది.

‘కొరివి పెట్టడానికి కొడుకు లేడు’ అనే మాట పల్లెల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. 2018 ఆగస్టు 17న ఢిల్లీలో మాజీ ప్రధాని వాజ్‌పేయి చితికి నిప్పంటించింది ఆయన దత్తపుత్రిక నమిత. దేశమంతా లైవ్‌లో చూసింది. అయినా కొరివి పెట్టినవాడికే పొలం అనే నమ్మకం పోలేదు, శ్మశానం దగ్గరే పంచాయితీలూ ఆగలేదు. చట్టంలో అలాంటిదేమీ లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రి వీలునామా రాయకుండా చనిపోతే ఆయన సొంత ఆస్తిలో కూతుళ్లకూ కొడుకులతో సమాన వాటా. ఉమ్మడి ఆస్తిలో మన రాష్ట్రంలో 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు, 2005 సవరణతో దేశమంతా కూతుళ్లకు ఆ హక్కు వచ్చింది. కొరివి ఎవరు పెట్టారని ఏ కోర్టూ అడగదు.