ఉద్యోగం అమానతు... బంధువుల వాటా కాదు

ప్రతి శుక్రవారం జుమా ఖుత్బా చివర మనం ఒక ఆయతు వింటూ ఉంటాం. న్యాయం చేయమని, మేలు చేయమని, బంధువులకు ఇవ్వమని అల్లాహ్ ఆదేశిస్తున్నాడన్నది దాని భావం (ఖుర్ఆన్ 16:90). చాలా మసీదుల్లో ఖతీబులు ఈ ఆయతుతోనే ఖుత్బా ముగిస్తారు. ఇన్నిసార్లు విన్నాం కదా, అందులోని వరుసను ఎప్పుడైనా గమనించామా? మొదటిది న్యాయం. రెండోది మేలు. బంధువులకు ఇవ్వడం ఆ తర్వాత. బంధువులను ఆదుకోవడం గొప్ప పుణ్యకార్యమే. కాని న్యాయాన్ని తొక్కి ఆదుకోవడం పుణ్యం కాదు.

ఈ వరుస తలకిందులయ్యే చోటు నేటి పెద్ద పెద్ద కంపెనీల కార్యాలయాలు. ఒక ఖాళీ ఏర్పడుతుంది. ప్రకటన వస్తుంది. వందల మంది దరఖాస్తు చేస్తారు. ఇంటర్వ్యూలు కూడా జరుగుతాయి. అయితే ఆ కుర్చీలో కూర్చోబోయేది మేనేజరుగారి బావమరిది అని ఆఫీసు ప్యూనుకు కూడా ముందే తెలిసిపోతుంది. అప్పు చేసి చదివి, చార్జీలు పెట్టుకుని ఊరి నుంచి వచ్చిన యువకుడు మాత్రం తనలో ఏ లోపం ఉందోనని కుమిలిపోతూ తిరుగు బస్సు ఎక్కుతాడు.

అన్యాయం అక్కడితో ఆగదు. జీతాల పెంపులో, ప్రమోషన్లలో, విదేశాలకు పంపే జాబితాల్లో కూడా అదే పేరు ముందుంటుంది. అతని పొరపాట్లను ఎవరూ నోరెత్తి చెప్పరు. కష్టపడేవారు కొన్నాళ్లకు కష్టపడటం మానేస్తారు, లేదా వేరే ఉద్యోగం చూసుకుంటారు.

'నా చేతిలో అధికారం ఉంది, నా వాళ్లకు ఇచ్చుకుంటే తప్పేమిటి?' అని కొందరు అడుగుతారు. సొంత డబ్బుతో పెట్టుకున్న కిరాణా కొట్టులో తమ్ముణ్ణి కూర్చోబెట్టుకోవడం వేరు. పెద్ద కంపెనీలో పెట్టుబడి వేలాది వాటాదారులది. మేనేజరు కూడా అక్కడ జీతగాడే. ఆ కుర్చీ అతని చేతిలో ఉన్న అమానతు. అమానతులను వాటికి అర్హులైన వారికే అప్పగించమని దివ్య ఖుర్ఆన్ ఆజ్ఞ (4:58). తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకంగా పోయినా సరే న్యాయం మీదే నిలబడమని మరోచోట హెచ్చరించింది (4:135).

అడిగింది సొంతవారే

దైవప్రవక్త (స) జీవితంలోని ఒక సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. ఫజల్ బిన్ అబ్బాస్ (రజి), అబ్దుల్ ముత్తలిబ్ బిన్ రబీఆ (రజి) అనే ఇద్దరు యువకులు ఆయన దగ్గరకు వచ్చారు. మొదటివారు ప్రవక్త (స) బాబాయి కుమారుడు. రెండోవారు పెదనాన్న మనవడు. ఇద్దరికీ పెళ్లీడు వచ్చింది. మహర్ చెల్లించే స్తోమతు లేదు. జకాత్ వసూలు చేసే పని అప్పగిస్తే అందరిలా మేమూ వసూలు చేసి తెస్తాం, అందరికీ ఇచ్చే ప్రతిఫలం మాకూ ఇవ్వండి అని విన్నవించుకున్నారు.

జకాత్ సొమ్ము ముహమ్మద్ (స) కుటుంబీకులకు తగదని చెప్పి ఆయన ఆ పని ఇవ్వలేదు. అలాగని ఉత్త చేతులతో పంపించనూ లేదు. ఇద్దరికీ అక్కడికక్కడే సంబంధాలు కుదిర్చారు. మహర్‌ను ఖుమ్స్ నిధి నుంచి చెల్లింపజేశారు. ఆ నిధిలో ప్రవక్త బంధువులకు వాటా ఉందని ఖుర్ఆనే నిర్ణయించింది (8:41). బంధువు అవసరం తీరింది. కాని తమది కాని సొమ్ముతో తీరలేదు, హక్కున్న చోటి నుంచే తీరింది. బంధుప్రేమకూ బంధుప్రీతికీ ఉన్న తేడా ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చూపగలరు?

హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్నప్పుడు తొలి ముహాజిర్లకు తలా 4,000 చొప్పున భత్యం నిర్ణయించారు. తన కుమారుడు అబ్దుల్లా (రజి)కు 3,500 మాత్రమే ఇచ్చారు. అతనూ ముహాజిరే కదా అని అడిగితే, అతణ్ణి తల్లిదండ్రులు తీసుకువచ్చారు, సొంతంగా హిజ్రత్ చేసినవారితో సమానం కాడు అని జవాబిచ్చారు. ఈ ఉదంతం సహీహ్ బుఖారీలో ఉంది. కొడుకన్న కారణంగా ఒక్క దిర్హమూ ఎక్కువ ఇవ్వకపోగా, అనుమానం ఉన్న చోట తగ్గించారు.

మన ఊరి పాఠం

హైదరాబాద్‌లోనే జరిగిన సత్యం కంప్యూటర్స్ ఉదంతం మనకు తెలిసిందే. సుమారు 50 వేల మంది పనిచేసిన ఆ కంపెనీ, ఛైర్మన్ రామలింగరాజు కుమారులు నడుపుతున్న రెండు మేటాస్ సంస్థలను 160 కోట్ల డాలర్లకు కొంటామని 2008 డిసెంబర్ 16న ప్రకటించింది. బోర్డు అందుకు ఆమోదముద్ర వేసింది. మా సొమ్ము మీ పిల్లల కంపెనీలకా అంటూ వాటాదారులు భగ్గుమనడంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. మూడు వారాలకు, 2009 జనవరి 7న, ఖాతాల్లో చూపిన సొమ్ము లేనే లేదని ఛైర్మనే లేఖ రాశారు. ఆ లోటును పూడ్చడానికే మేటాస్ ప్రయత్నమని అందులో ఒప్పుకున్నారు. 2015లో ప్రత్యేక కోర్టు శిక్షలు విధించింది. కంపెనీకీ కుటుంబానికీ మధ్య గీత చెరిగిపోతే వేల ఇళ్ల పొయ్యిలు ప్రమాదంలో పడతాయని ఆ రోజులు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

2013 కంపెనీల చట్టం కొన్ని కట్టుబాట్లు పెట్టింది. డైరెక్టరు బంధువును జీతం వచ్చే పదవిలో నియమించాలంటే బోర్డు అనుమతి తప్పనిసరి. ఆ చర్చలో ఆ డైరెక్టరు కూర్చోకూడదు. నెల జీతం రెండున్నర లక్షల రూపాయలు దాటితే వాటాదారుల ఆమోదం కూడా కావాలి. అయితే కింది స్థాయి మేనేజరు చేసే నియామకాల దాకా ఈ చట్టం చూపు రాదు. అక్కడ కంపెనీ నియమాలు, ఆపైన దైవభీతి మాత్రమే కాపలా.

సిఫారసు చేయడమే పాపమా?

కాదు. హజ్రత్ మూసా (అలై) తన సోదరుడు హారూన్ (అలై)ను తనకు తోడుగా ఇమ్మని అల్లాహ్‌ను వేడుకున్నారు. తనకన్నా ధారాళంగా మాట్లాడగలడని కారణం కూడా చెప్పుకున్నారు (28:34). మంచి సిఫారసు చేసినవారికి దాని పుణ్యంలో భాగం, చెడ్డ సిఫారసు చేసినవారికి దాని భారంలో భాగం ఉంటుందని ఖుర్ఆన్ తెలిపింది (4:85). కాబట్టి మనవాడు నిజంగా అర్హుడైతే దరఖాస్తు పెట్టించవచ్చు. అతను మన బంధువని పైవారికి ముందే చెప్పాలి. ఇంటర్వ్యూ చేసే చోట మనం కూర్చోకూడదు. అతని జీతం, ప్రమోషన్ల కాగితాల మీద మన సంతకం ఉండకూడదు.

ఈ విషయంలో మన ఇళ్లకూ బాధ్యత ఉంది. 'బేటా, అంత పెద్ద కంపెనీలో ఉన్నావు, మీ ఖాలా కొడుక్కి ఒక్క ఉద్యోగం ఇప్పించలేవా?' అని అమ్మ అడిగితే కాదనడం ఎవరికైనా కష్టమే. పైరవీ లేక మన పిల్లలు వెనుదిరిగి వచ్చిన రోజు లోకం అన్యాయమైపోయిందని బాధపడతాం. మనవాడికి కుర్చీ దక్కిన మరునాడే అతని చేత అదే అన్యాయం చేయించబోతాం. ఆ కుర్చీ కోసం ఎదురుచూసే అపరిచితుడికీ ఒక అమ్మ ఉంటుంది.

ఖాలా కొడుక్కి చేయగలిగింది చాలా ఉంది. కోర్సు ఫీజు కట్టవచ్చు. ఇంటర్వ్యూకు తయారు చేయవచ్చు. ఉద్యోగం దొరికేదాకా మన ఇంట్లో ఉంచుకుని అన్నం పెట్టవచ్చు. బంధువుకు మన జేబులోంచి పెడదాం, ఇతరుల హక్కులోంచి కాదు. ఆ వరుసను తప్పకుండా నడిచే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.