నేను చదివిన స్వీయచరిత్రలు

మన పాఠ్యపుస్తకములలో పాఠమునకు ముందు ‘కవి పరిచయము’ అని నాలుగైదు పంక్తులుండును. పుట్టిన యూరు, తల్లిదండ్రుల పేర్లు, బిరుదములు, గతించిన సంవత్సరము. విద్యార్థులు వీనిని కంఠస్థము చేయుదురు, పరీక్షలో వ్రాయుదురు, వేసవి సెలవులలో మరతురు. ఆ పెద్దలలో పలువురు తమ కథను తామే విపులముగా వ్రాసిపెట్టిరన్న సంగతి వారిలో నెందరికి తెలియును? కొన్ని మాసములుగా నేను తెలుగు స్వీయచరిత్రలను, స్మృతిగ్రంథములను ఒకదానివెంట నొకటి చదువుచు వచ్చితిని. వానిని గూర్చి తోచిన మాటలు కొన్ని చెప్పుటయే యీ వ్యాసోద్దేశము. నేను విమర్శకుడను గాను, చదువరిని మాత్రమే.

మొదట చేతికి వచ్చినది ఏనుగుల వీరాస్వామయ్యగారి ‘కాశీయాత్ర చరిత్ర’. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన యీయన 1830 మే 18వ తేదీన బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపురముల మీదుగా కాశికి బోయి, గయ, కలకత్తా, జగన్నాథములు చూచుకొని, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. దేశమున నప్పటికి రైలు లేదు. నూరుమంది వరకు పరివారము. ఏ యూర అంగళ్ళున్నవి, ఎచ్చట మంచినీరు దొరకును, దారి యిసుకయా రాళ్ళా, ఏ యేరు ఎట్లు దాటవలెను అనునవి మజిలీ మజిలీకి వ్రాసి, మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళెగారికి పంపుచుండిరి. పిళ్ళెగారే 1838లో దానిని అచ్చొత్తించిరి. అప్పటికి గ్రంథకర్త గతించి రెండేండ్లయినది. ఆనాటి దేశస్థితి తెలిసికొనగోరు చరిత్రోపాధ్యాయులకు ఇంతకంటె మంచి తోడు అరుదు. అయినను, ఆ పల్లకి మోసిన బోయీలలో నొక్కడైనను ఈ పదునైదు మాసముల కథను తన భుజము వైపునుండి చెప్పియుండినచో నెట్లుండెడిదో యను కోరిక నన్ను విడువలేదు. ఆ కోరికయే తరువాతి పుస్తకములను నేను చదివిన తీరును మార్చినది.

పిమ్మట కందుకూరి వీరేశలింగము పంతులుగారి ‘స్వీయచరిత్రము’. తెలుగున ఈ ప్రక్రియకు బాట వేసిన గ్రంథమిది. పంతులుగారి నిర్భయత్వము, పట్టుదల, తమ మాట నెగ్గించుకొను స్వభావము ప్రతిపుటయందును గనబడును. వాదప్రతివాదముల వృత్తాంతము కొన్నిచోట్ల మిక్కిలి పెరిగి, నేటి చదువరికి విసుగు పుట్టించుననియు చెప్పకతప్పదు. కాని 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున జరిగిన మొదటి వితంతు వివాహపు ఘట్టమునకు వచ్చునప్పటికి విసుగంతయు మాయమగును. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనమిచ్చిరి. విద్యార్థులు పెండ్లియింటికి కాపు కాచిరి. వెలికి భయపడి వంటవారు మానిరి, నీళ్ళు తెచ్చువారు మానిరి. అప్పుడు పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరి నుండి నీళ్ళు మోసి, తామే వంట చేసిరి.

ఇచ్చట నేను పుస్తకము మూసి కొంతసేపు ఆలోచించితిని. సంస్కరణోద్యమమని మనము పాఠము చెప్పుదుము. ఆ యుద్యమమున ఉపన్యాసము పంతులుగారిది, బిందె రాజ్యలక్ష్మమ్మగారిది. ఆమె 1910లో గతించిరి. ఆమెను గూర్చి మనకు తెలిసినదెల్ల ఇతరులు చెప్పినదే. ఇక గౌరమ్మ మాట? ఊరంతయు తన పెండ్లిని గూర్చి కలహించుచుండగా, ఆ పీటపై కూర్చున్న బాలిక యేమి తలచెనో ఆమె మాటలలో మనకు దొరకదు. ఇది పంతులుగారి దోషమని నేననను. ఆయన తమ చరిత్రము వ్రాసిరి, ఆమె చరిత్రము కాదు. అయినను ఆ చోటు ఖాళీగానే యున్నది.

టంగుటూరి ప్రకాశముగారి ‘నా జీవిత యాత్ర’ వేరొక చవి గల గ్రంథము. ఎదుట కూర్చుండి కథ చెప్పినట్లుండును. రాజకీయముల భాగమున పేర్లు, సభలు, తగవులు త్రోసికొని వచ్చును. నాలుగవ భాగమును తెన్నేటి విశ్వనాథముగారు వ్రాసి పూర్తిచేయవలసి వచ్చినది. నాకు మాత్రము బాల్యమే ముఖ్యము. పదునొకండేండ్ల ప్రాయమున తండ్రి పోగా, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు పెట్టి పిల్లలను పోషించిరి. పరీక్షరుసుము మూడు రూపాయలు ఎచ్చటను పుట్టకపోగా, ఆమె తన పట్టుచీర కుదువబెట్టి తెచ్చి యిచ్చిరి. ‘కన్యాశుల్కము’ ప్రదర్శనమున పూటకూళ్ళమ్మ రంగము మీదికి రాగానే మనమందరము నవ్వితిమి. అట్టి వృత్తిలోని యొక తల్లి కుమారుడే 1953లో ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రి యాయెను. పూటకూళ్ళు పెట్టుటను లోకము చులకనగా జూచిన దినములవి. ప్రకాశముగారు ఆ సంగతిని దాచలేదు, సిగ్గుపడలేదు. ఇది ఆయన గ్రంథమునకు గల గొప్ప సుగుణము. అయినను ఆ తెల్లవారుజామున పొయ్యి రాజేసినవారి కథ ఇచ్చటను కుమారుని నోటనే వినవలెను.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ గూర్చి ఒక్కమాట. సంస్కృతమునకే గౌరవమున్న వైదిక కుటుంబమున పుట్టి, తెలుగు వ్రాయుటకై యింటిలోనే పెనగులాడిన వైనము తెలుగు పండితులు తప్పక చదువదగినది. ఆ తెలుగు రుచిని నేను వర్ణింపబూనను.

ఇట్లు చదువుచుండగా కొండపల్లి కోటేశ్వరమ్మగారి ‘నిర్జన వారధి’ దొరికినది. 2012లో వెలువడినది. రచయిత్రి అప్పటికి తొంబదియేండ్లు దాటినవారు. 1918లో కృష్ణామండలమున పామర్రులో పుట్టి, ఊహ తెలియని వయస్సుననే పెండ్లియై, ఊహ తెలియకముందే వితంతువైరి. తనకు పెండ్లియైనదన్న సంగతియే పిమ్మట ఇతరులవలన తెలిసికొనవలసిన స్థితి. అనంతరము పునర్వివాహము, కమ్యూనిస్టు ఉద్యమము, సాంస్కృతిక దళములతో పాటలు, నిర్బంధకాలమున ఊరు మార్చి పేరు మార్చి అజ్ఞాతవాసము. విప్లవ నాయకుడుగా పేరొందిన భర్త ఆమెను విడిచి వెళ్ళెను. నడివయస్సున ఆమె హైదరాబాదులో ఆంధ్రమహిళాసభలో చేరి చదివి, కాకినాడలో బాలికల వసతిగృహమునకు మేట్రనుగా పనిచేసి బ్రతికిరి. ఉద్యమములోనికి వెళ్ళిన కుమారుడు తిరిగి రాలేదు. కుమార్తెను గూడ పోగొట్టుకొనిరి.

ఇంత దుఃఖమును ఆమె చిన్న చిన్న వాక్యములలో చెప్పిరి. నిందించుట తక్కువ. బిరుదుల పట్టిక లేదు, సభల వర్ణనము లేదు. ఎవరు అన్నము పెట్టిరి, ఎవరు తలుపు మూసిరి, తాను లేనప్పుడు పిల్లలను ఎవరు సాకిరి అనునవే యెక్కువ. గోదావరి యొడ్డున 1881లో మొదలైన పనికి ఫలితమేమో తెలియవలెనన్నచో, ఆ పీటపై కూర్చున్నవారి వైపునుండి వ్రాసిన పుస్తకమిది. పునర్వివాహముతో బాలవితంతువు కథ సుఖాంతమగునని మన పాఠములు సూచించును. అచ్చటినుండియే యీమె కథ మొదలైనది. వీరేశలింగముగారి గౌరవము దీనివలన తగ్గదు. ఆయన తెరచిన ద్వారమునుండి నడచినవారు ఎంత దూరము నడువవలసి వచ్చినదో తెలియును, అంతే.

గ్రంథమున లోపములు లేకపోలేదు. వృద్ధాప్యమున గుర్తుకు వచ్చిన వరుసలో చెప్పుటచేత కాలక్రమము కొన్నియెడల తెగిపోవును. ఉద్యమచరిత్ర తెలియని బాలురకు కొన్ని పేర్లు అయోమయముగా నుండును. ఉపాధ్యాయుడు ప్రక్కనుండి 1940వ దశకపు సంగతులు నాలుగు చెప్పినచో ఆ చిక్కు తీరును.

ఉన్నతపాఠశాల ఉపాధ్యాయులకు నాదొక విన్నపము. వీరేశలింగముగారి పాఠము చెప్పు దినమున, ఆయన స్వీయచరిత్రమునుండి ఆ పెండ్లి ఘట్టము నొక్కదానిని తరగతిలో బిగ్గరగా చదివింపుడు. మరునాడు ‘నిర్జన వారధి’ తొలి పుటలు ఒక బాలికచేత చదివింపుడు. ప్రశ్నలు వారే వేయుదురు. పుస్తకములు దొరకుట కష్టమందురేమో. ప్రాతవి చాలవరకు మరల మరల అచ్చైనవే. దొరకని వేరొకటి కలదు: స్వాతంత్ర్యమునకు పూర్వమే ఏడిదము సత్యవతిగారు ‘ఆత్మచరితము’ అను పేర తమ కథ వ్రాసిరి. మా గ్రంథాలయమున అడిగితిని, లేదనిరి. మీ పాఠశాల బీరువాలో నున్నదేమో చూడగోరెదను.