క్రిస్మస్ బుట్టలో ఏం వేద్దాం?

ఒక చిన్న ఆట ఆడదాం. డిసెంబరు నెల. మీరు పారిస్ నగరంలో ఉన్నారనుకోండి. ఎముకలు కొరికే చలి. సాయంత్రం ఐదు గంటలకే చీకటి పడిపోయింది. దుకాణాలన్నీ దీపాలతో మెరిసిపోతున్నాయి. మీ చేతికి ఒక ఖాళీ బుట్ట ఇచ్చి, "క్రిస్మస్ విందుకు మంచి మంచి తినుబండారాలు ఏరి తీసుకురండి" అన్నారు. మీరేం కొంటారు? ఎలా ఏరతారు?

"అదేమంత పని! అన్నిటికన్నా ఖరీదైనవి చూసి కొంటే సరి" అంటారా? తొందరపడకండి. ధరచీటీ చెప్పే మాట వేరు, వస్తువు చెప్పే మాట వేరు. వస్తువు చేత మాట్లాడించాలంటే దాన్ని కొన్ని ప్రశ్నలు అడగాలి. నిన్ను ఎలా తయారు చేశారు? నీలో ఏమేం ఉన్నాయి? నువ్వు ఎన్నాళ్ళు నిలవుంటావు? ఈ మూడు ప్రశ్నలూ జేబులో వేసుకుని బయలుదేరదాం.

ఫ్రాన్సులో డిసెంబరు 24 రాత్రి జరిగే విందును "రెవెయ్యోన్" అంటారు. నిద్ర మేలుకుని ఉండటం అనే అర్థం నుంచి పుట్టిన మాట అది. చర్చిలో అర్ధరాత్రి ప్రార్థన ముగించుకుని వచ్చి, తీరిగ్గా కూర్చుని తినే విందు. చివర్న "బూష్ ద నోయెల్" అనే కేకు వస్తుంది. చూడటానికి అచ్చం కట్టె దుంగలా ఉంటుంది. పూర్వం ఆ రాత్రి ఇంటి పొయ్యిలో పెద్ద దుంగ వేసి మండించేవారు. పొయ్యిలు పోయాయి గాని దుంగ మాత్రం పళ్ళెంలోకి వచ్చి కూర్చుంది!

ఒక సంగతి గమనించారా? ఆ చలిలో అక్కడి పొలాల్లో పండేది చాలా తక్కువ. మరి ఇంత విందు ఎక్కడి నుంచి వస్తుంది? మన ఇళ్ళలో ఎండాకాలంలో ఆవకాయ పెట్టి ఏడాదంతా తిన్నట్లే, వాళ్ళూ ముందే కూడబెట్టుకుంటారు. ఫ్రెంచి పండగ రుచుల్లో చాలా భాగం, తిండి చెడిపోకుండా దాచుకునే ప్రయత్నంలో పుట్టినవే.

పంచదార తాగిన కాయ

మొదటి దుకాణంలో బంగారు రంగు కాగితాల్లో చుట్టిన గోధుమరంగు ఉండలు కనిపిస్తాయి. అవి "మారోన్ గ్లాసే". చెస్ట్‌నట్ అనే చెట్టు కాయల్ని పంచదార పాకంలో ఊరవేసి చేసినవి. ఆగ్నేయ ఫ్రాన్సులోని ఆర్దేష్ ప్రాంతం వీటికి పేరుపొందింది. అక్కడి ప్రివా పట్టణంలో 1882లోనే వీటి తయారీకి ఒక కర్మాగారం వెలిసింది.

ఉడికించిన కాయను చిక్కటి పాకంలో పడేస్తే పని అయిపోతుంది కదా అనిపిస్తుంది. అలా చేస్తే కాయ ముడుచుకుపోయి రాయిలా తయారవుతుంది. ఎందుకో తెలియాలంటే ఈ ప్రయోగం చేసి చూడండి. ఒక బంగాళాదుంపను రెండు పలుచని బిళ్ళలుగా కోయండి. ఒకటి మంచినీళ్ళలోనూ, ఇంకొకటి చిక్కటి పంచదార నీళ్ళలోనూ వేయండి. రెండు గంటల తరవాత తీసి వంచి చూడండి. నీళ్ళలోది బిగుసుకుని గట్టిగా ఉంటుంది. పంచదార నీళ్ళలోది మెత్తబడి వేలాడిపోతుంది. దాని కణాల్లోని నీరు బయటికి వెళ్ళిపోయింది. మీరు పాఠంలో చదువుకున్న ద్రవాభిసరణ ఇదే.

ఉడికిన చెస్ట్‌నట్‌లో కణాల పొరలు చెదిరిపోయి ఉంటాయి. కనుక నీరు బయటికి రావటంతో బాటు పంచదార కూడా లోపలికి పోగలదు. కాని పంచదార అణువు నీటి అణువు కన్నా 19 రెట్లు బరువైనది. అది మెల్లగా నడుస్తుంది, నీరు పరుగెత్తుతుంది. నీరు ముందే వెళ్ళిపోతే ఆ చోటు నింపేవాళ్ళు లేక కాయ ముడుచుకుపోతుంది. అందుకే తయారు చేసేవాళ్ళు మొదట పలుచని పాకంలో వేస్తారు. తరవాత కొంచెం చిక్కటిది, ఆ తరవాత ఇంకొంచెం చిక్కటిది. ఇలా కొన్ని రోజులపాటు ఓపిగ్గా పాకం చిక్కదనం పెంచుతూ పోతారు. చివరికి కాయ నిండా పంచదార చేరుతుంది. అంత పంచదార ఉన్నచోట సూక్ష్మజీవులకు వాడుకునే నీరు దొరకదు. కాయ నిలవుంటుంది. మన ఉసిరికాయ మురబ్బా రహస్యమూ ఇదే.

ఏరటం ఎలా? పైపూత పలుచగా ఉండాలి. వేలితో నొక్కితే కాయ కొంచెం లొంగాలి. పైన తెల్లగా పంచదార పలుకులు తేలి ఉంటే అది ఎండిపోయిందన్నమాట. ఇంకో రహస్యం వినండి. ఇన్ని రోజుల ఊరవేతలో కొన్ని కాయలు విరిగిపోతాయి. ఆ ముక్కల్ని చవకగా అమ్ముతారు. కాయ అదే, పాకం అదే, రుచి అదే! ఎక్కువ ధర ఇచ్చేది విరగని ఆకారానికి.

అన్నట్టు, పారిస్ వీధుల్లో రాలి పడే ఇంకో రకం కాయలున్నాయి. చూడటానికి ఇలాగే ఉంటాయి గాని అవి విషం, తినకూడదు. ఫ్రెంచివారు వాటిని "ఇండియా మారోన్" అంటారు. పాపం, మన దేశానికి ఆ చెట్టుతో సంబంధమే లేదు. దాని పుట్టిల్లు బాల్కన్ ప్రాంతం.

బూజు పట్టినదే మంచిదట!

రెండో దుకాణం చీజ్ దుకాణం. ముక్కు మూసుకోకండి. ఒక చీజ్ ముక్క నిండా నీలి ఆకుపచ్చ చారలున్నాయి. బూజు! అయినా జనం వరసలో నిలబడి కొంటున్నారు. దాని పేరు రోక్‌ఫోర్. దక్షిణ ఫ్రాన్సులో కొంబలూ అనే కొండ ఉంది. ఆ కొండ గుహల్లో ఇది పక్వానికి వస్తుంది.

గొర్రెపాలను విరిచి, పెద్ద దిమ్మలుగా చేసి, ఉప్పు పట్టిస్తారు. అందులో "పెనిసిలియం రోక్‌ఫోర్టి" అనే బూజు బీజాలు కలుపుతారు. పెన్సిలిన్ మందునిచ్చిన బూజుకు ఇది దగ్గర చుట్టం. బూజు పెరగాలంటే గాలి కావాలి. దిమ్మ లోపల గాలి ఎక్కడుంది? అందుకని సూదులతో దిమ్మను తూట్లు పొడుస్తారు. గాలి దూరిన దారి వెంటే నీలిచారలు పాకుతాయి. కొండ చీలికల గుండా వీచే చల్లని, తేమగల గాలి గుహను ఏడాది పొడుగునా ఒకే తీరున ఉంచుతుంది. కనీసం 90 రోజులు ఆగితే గాని రోక్‌ఫోర్ అమ్మకానికి రాదు. ఈలోగా బూజు పాలలోని కొవ్వును, మాంసకృత్తులను విడగొడుతుంది. ఆ ఘాటు రుచి అలా వచ్చిందే.

ఏరేటప్పుడు కోసిన ముఖం చూడండి. చారలు నడిమి నుంచి అంచుదాకా సమంగా పరుచుకుని ఉండాలి. నడుమ వట్టి తెలుపే ఉంటే అక్కడికి గాలి సరిగా చేరలేదని అర్థం.

"అయితే మా ఇంట్లో బూజు పట్టిన రొట్టె కూడా తినవచ్చా?" అని అడుగుతారేమో. వద్దు! ఇక్కడ పెరిగింది ఎంచి, కావాలని పెంచిన ఒకే ఒక బూజు. ఇంట్లో రొట్టె మీదికి ఏ బూజు వచ్చి పడిందో ఎవరికి తెలుసు? వేరుశనగకు పట్టే ఒక బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. బూజంతా ఒకటి కాదు. పెంచిన బూజు వేరు, పట్టిన బూజు వేరు.

టప్పున విరగాలి

చాక్లెట్ లేకుండా బుట్ట నిండుతుందా? కోకో గింజలు ఫ్రాన్సులో పండవు. వెచ్చని దేశాల నుంచి వెళ్ళవలసిందే. మన గోదావరి జిల్లాల కొబ్బరితోటల్లో కూడా కోకోను అంతరపంటగా వేస్తారు. చెట్టు మొదలుకు అతుక్కుని కాసే కాయల్ని మీలో కొందరు చూసే ఉంటారు.

వేసవిలో చాక్లెట్‌ను జేబులో మరచిపోతే ఏమవుతుంది? కరిగిపోతుంది. చల్లబడ్డాక మళ్ళీ గట్టిపడుతుంది గాని పైన తెల్లని మచ్చలు వస్తాయి. చాలామంది బూజనుకుని పారేస్తారు. అది బూజు కాదు, కోకో కొవ్వు!

ఈ కొవ్వు ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదు. అందులో ఐదో రకం మాత్రమే మనకు కావలసింది. అది సుమారు 34 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరుగుతుంది. మన నోటి వేడి 37 డిగ్రీలు. అందుకే చేతిలో గట్టిగా ఉండే చాక్లెట్ నాలుక మీద జారిపోతుంది. ఆ ఐదో రకాన్ని రాబట్టటానికి చాక్లెట్ పనివాళ్ళు నల్ల చాక్లెట్‌ను 45 డిగ్రీలకు పైగా కరిగించి, 28 దాకా చల్లార్చి, మళ్ళీ 31 దాకా వేడి చేస్తారు. మీ జేబులో ఈ లెక్క లేదు. అందుకే కొవ్వు తోచినట్లు గడ్డకట్టి మచ్చలై తేలింది. తింటే ప్రమాదం లేదు గాని ఆ నునుపు పోయింది.

మంచి చాక్లెట్ నిగనిగలాడుతుంది. విరిస్తే టప్పుమంటుంది. తరవాత చీటీ చదవండి. ఐరోపా నియమం ప్రకారం చాక్లెట్‌లో కోకో పదార్థం కనీసం 35 శాతం ఉండాలి. కోకో కొవ్వు కాకుండా వేరే వృక్ష కొవ్వుల్ని 5 శాతానికి మించి కలపకూడదు. కలిపితే ఆ సంగతి చీటీ మీద చెప్పి తీరాలి.

ప్రాణంతో ఉన్న సరుకు

నాలుగో దుకాణంలో మంచుముక్కల పక్కన ఆల్చిప్పల గంపలు. ఇవి మాత్రం నిలవ సరుకు కాదు. ప్రాణంతో ఉండగానే అమ్ముతారు. పరీక్ష తేలిక. చిప్ప గట్టిగా మూసుకుని ఉండాలి. తెరుచుకుని ఉన్నదాన్ని తట్టితే వెంటనే మూసుకోవాలి. మూసుకోకపోతే చచ్చిందన్నమాట, దాన్ని ముట్టకండి.

వీటిని అంకెలతో అమ్ముతారు. 5వ నంబరు పెద్దదని మోసపోయేరు! నంబరు పెరిగేకొద్దీ చిప్ప చిన్నది. 5వ నంబరు 30 నుంచి 45 గ్రాములు తూగితే, 1వ నంబరు 120 గ్రాములు దాటుతుంది. మారెన్ ఒలెరోన్ ప్రాంతపు ఆల్చిప్పల్లో కొన్నిటి మొప్పలు పచ్చగా ఉంటాయి. అది రంగు వేయటం కాదు. అక్కడి మడుగుల్లో నీలిరంగు పదార్థాన్ని తయారు చేసే సూక్ష్మమైన నాచు ఉంది. ఆ నీటిని వడగట్టి తిన్నందువల్ల వచ్చిన రంగు అది.

మిఠాయివాడు చేసిన మేలు

ఇక సీసాలు, డబ్బాలు. వీటి కథకు మూలపురుషుడు శాస్త్రవేత్త కాదు, నికొలా అపేర్ అనే మిఠాయి వ్యాపారి. ఆహారాన్ని గాజుసీసాలో పెట్టి, గాలి చొరకుండా బిరడా బిగించి, మరిగే నీళ్ళలో ఉంచితే నెలల తరబడి చెడదని ఆయన కనిపెట్టాడు. 1810లో ప్రభుత్వం 12,000 ఫ్రాంకుల బహుమతి ఇచ్చింది. ఎందుకు చెడదో మాత్రం ఆయనకు తెలియదు. సూక్ష్మజీవుల సంగతి తేల్చి చెప్పిన లూయీ పాశ్చర్ పుట్టిందే 1822లో!

డబ్బా మీద తేదీలు రెండు రకాలు. "ఈ తేదీ లోపల వాడాలి" అని ఉంటే అది ప్రమాదానికి హద్దు, దాటితే తినకూడదు. "ఈ తేదీ లోపల వాడితే మేలు" అని ఉంటే అది రుచికి హద్దు. మన దుకాణాల్లో "యూజ్ బై", "బెస్ట్ బిఫోర్" అని ఉండేవి ఇవే.

పేరు కూడా చూడాలి. రోక్‌ఫోర్ పేరును ఎవరు పడితే వారు వాడుకోకుండా ఫ్రాన్సు 1925లోనే చట్టం చేసింది. మన ఆత్రేయపురం పూతరేకులకు 2023లో వచ్చిన భౌగోళిక గుర్తింపు కూడా అటువంటిదే.

నాలుగో ప్రశ్న

ఈ సీసాల్లోనే అన్నిటికన్నా ఖరీదైనది ఒకటుంది. దాని పేరు "ఫ్వా గ్రా". అంటే కొవ్వెక్కిన కాలేయం. బాతులకు, పెద్దబాతులకు చివరి రోజుల్లో గొంతులోకి గొట్టం దూర్చి, వద్దన్నా వినకుండా మొక్కజొన్న కుక్కుతారు. కాలేయం మామూలుకన్నా ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. దాన్నే విందులో వడ్డిస్తారు.

వలసపోయే పక్షులు ప్రయాణానికి ముందు తమంతట తాము కాలేయంలో కొవ్వు దాచుకుంటాయి, మేం చేసేదీ అదే అని దీన్ని సమర్థించేవాళ్ళు అంటారు. కాని పక్షి తన ఆకలికొద్దీ తినటం వేరు, గొట్టంతో కుక్కటం వేరు అని కాదనేవాళ్ళంటారు. ఫ్రాన్సు 2006లో ఫ్వా గ్రాను తమ సంస్కృతిలో భాగమని చట్టంలో రాసుకుంది. మన దేశం 2014లో దాని దిగుమతినే నిషేధించింది.

మన మూడు ప్రశ్నలకూ ఈ సీసా చక్కగా జవాబులు చెబుతుంది. తయారీ తెలుసు, పదార్థం తెలుసు, తేదీ ఉంది. అయినా ఇంకో ప్రశ్న మిగిలిపోయింది. నీ కోసం ఎవరు ఎంత బాధపడ్డారు? దీనికి జవాబు చీటీ మీద ఉండదు. కొనేవాడే కనుక్కోవాలి, కొనేవాడే తేల్చుకోవాలి.

ఇప్పుడు మీ బుట్టలో ఏమున్నాయి? విరిగిన మారోన్ ముక్కలు, చారలు నిండిన రోక్‌ఫోర్, టప్పుమనే చాక్లెట్, గట్టిగా మూసుకున్న ఆల్చిప్పలు. ఆ ఖరీదైన సీసా ఉందో లేదో మీరే చెప్పాలి.

పారిస్ దాకా వెళ్ళనక్కరలేదు. ఈ సాయంత్రం మీ వీధి కొట్లో చాక్లెట్ కొంటే, చుట్టుకాగితాన్ని పారేసేముందు చదవండి. ఏ పదార్థం ఎక్కువుంటే దాన్నే ముందు రాయాలని నియమం. మొదటి పేరు కోకోదా, పంచదారదా, వేరే కొవ్వుదా? మీరు డబ్బిచ్చి కొన్నది నిజంగా ఏమిటో ఆ మొదటి మాట చెప్పేస్తుంది.